ఆ మూడు సెకన్లు కట్ చెయ్యలేదు

(పాడ్‌కాస్ట్ ఎపిసోడ్ పూర్తి పాఠం)

తమ్ముడు: నమస్కారం అండీ. ఈసారి అతిథులెవరూ లేరు. అక్క, నేను, మధ్యలో ఒక మైకు. కష్టమొస్తే మనలో మనకే తెలియని ప్రతిభ బయటపడుతుందంటారు కదా, అది ఎంతవరకు నిజమో మాట్లాడుకుందాం. ఈ విషయంలో అక్కకి గట్టి అభిప్రాయాలున్నాయి. అందుకే ముందు తనని మాట్లాడమంటున్నా.

అక్క: నమస్కారం. నిజమే, గట్టి అభిప్రాయమే. "బంగారాన్ని పుటం పెడితేనే మెరుస్తుంది" అని అందరూ తేలిగ్గా అనేస్తారు. నాకు గొంతు పోయి ఇంట్లో కూర్చున్నప్పుడు ఆ మాట ఎంతమంది అన్నారో లెక్కలేదు. ఎవరూ చెడ్డ ఉద్దేశంతో అనలేదు. కానీ కష్టంలో ఉన్న మనిషికి ఆ క్షణాన అది ఎలా వినిపిస్తుందంటే, "నువ్వు మెరవాలి, లేకపోతే నీలో బంగారం లేనట్టే" అన్నట్టు ఉంటుంది.

తమ్ముడు: కొత్తగా వింటున్నవాళ్ల కోసం ఆ సంగతి ముందు చెప్పెయ్యక్కా.

అక్క: పదకొండేళ్లు పిల్లలకి పాఠాలు చెప్పాను. గొంతు బొంగురుపోతే కాసిని వేడినీళ్లు తాగడం, మళ్లీ క్లాసుకి వెళ్లడం. ఒకరోజు పద్యం చదువుతుంటే పై స్థాయికి వెళ్లగానే గొంతు పలకడం మానేసింది. నోరు తెరిచి ఉంది, గాలి వస్తోంది, మాట రావట్లేదు. పిల్లలందరూ నా ముఖంలోకి చూస్తున్నారు. పరీక్షలు చేస్తే స్వరతంత్రి మీద పాలిప్, అంటే చిన్న కండలాంటిది, ఉందని తేలింది. ఆపరేషన్ చేశారు. తర్వాత వారం రోజులు ఒక్క మాట కూడా మాట్లాడొద్దన్నారు. గుసగుసగా కూడా వద్దన్నారు, దానివల్ల గొంతు ఇంకా అలసిపోవచ్చట. ఆ తర్వాత రోజుకి కొన్ని నిమిషాలతో మొదలుపెట్టి, స్పీచ్ థెరపీ చేయించుకుంటూ, మామూలుగా మాట్లాడటానికి ఐదు నెలలు పట్టింది. తరగతి గదికి మాత్రం మళ్లీ వెళ్లలేదు. అంతసేపు, అంత గట్టిగా మాట్లాడే గొంతు తిరిగి రాలేదు.

తమ్ముడు: మిగతా కథ చివర్లో చెబుదువుగానిలే. నాకైతే ఈ విషయం అనగానే ముందు గుర్తొచ్చేది జాంగో రైన్‌హార్ట్. బెల్జియంలో పుట్టినవాడు, రోమా అనే సంచార జాతి కుటుంబం అబ్బాయి, గిటార్ వాయిద్యకారుడు. 1928లో, అతనికి పద్దెనిమిదేళ్లప్పుడు, వాళ్లు ఉంటున్న బండికి నిప్పంటుకుంది. అతని భార్య అమ్మడానికి చేసిపెట్టిన సెల్యులాయిడ్ పూలు భగ్గున మండాయట. ప్రాణం దక్కింది కానీ ఎడమచేతి ఉంగరం వేలు, చిటికెన వేలు కాలి వంకరపోయాయి. గిటార్ వాయించేవాళ్లకి ఎడమచెయ్యి అంటే ఏంటో తెలుసు కదా. తీగల్ని నొక్కి స్వరాలు పలికించేది ఆ వేళ్లే.

అక్క: అయినా రెండు వేళ్లతో వాయించాడు.

తమ్ముడు: అదే చెప్పబోతున్నా. కోలుకోవడానికి ఏడాదిన్నర పట్టింది. ఆ సమయంలో చూపుడు వేలు, మధ్య వేలు, ఈ రెండింటితోనే స్వరాలు పట్టడం నేర్చుకున్నాడు. వంకరపోయిన వేళ్లని కొన్ని తీగల్ని నొక్కిపెట్టడానికి మాత్రం వాడుకునేవాడు. నాలుగు వేళ్లు బాగా ఉన్నవాడు చెయ్యి ఒకచోట పెట్టి అటూ ఇటూ తీగలు మారతాడు. రెండు వేళ్లే ఉంటే అలా కుదరదు, చెయ్యి మొత్తం గిటార్ మెడ మీద పైకీ కిందకీ పరుగెత్తాలి. జాంగో సంగీతంలో వినిపించే ఆ పరుగు, ఆ జారుడు చాలావరకు అక్కడిదే. 1934లో పారిస్‌లో వయొలిన్ విద్వాంసుడు స్టెఫాన్ గ్రాపెల్లీతో కలిసి బృందం పెట్టాడు. యూరప్ జాజ్‌లో అతనంతటి గిటార్ వాయిద్యకారుడు లేడని ఇప్పటికీ అంటారు.

అక్క: ఇక్కడ ఒకటి గమనించు. ప్రమాదానికి ముందే అతను బాగా వాయించేవాడు. నిప్పు అతనికి సంగీతం ఇవ్వలేదు. అలవాటైన దారి మూసేసింది, దాంతో పక్కన ఇంకో దారి ఉందేమోనని వెతుక్కోవాల్సి వచ్చింది. ఇంకో సంగతి, ఆసుపత్రిలో ఉన్నప్పుడు అతనికి గిటార్ తెచ్చి ఇచ్చిందెవరు?

తమ్ముడు: తమ్ముడు జోసెఫ్.

అక్క: అదీ! నేను ఈ కథలన్నీ చదివేటప్పుడు కష్టం ఎంత పెద్దదో చూడటం మానేశాను. ఆ సమయంలో ఆ మనిషి చేతిలో ఏదైనా పెట్టినవాళ్లు ఎవరా అని వెతుకుతాను. దాదాపు ప్రతిసారీ ఎవరో ఒకరు దొరుకుతారు. ఫ్రెంచి చిత్రకారుడు మాతీస్‌నే చూడు, మొదట లాయర్ దగ్గర గుమస్తా. ఇరవై ఏళ్ల వయసులో అపెండిసైటిస్ వచ్చి మంచాన పడితే, పొద్దుపోవడానికి వాళ్లమ్మ రంగుల పెట్టె తెచ్చిచ్చింది. రంగులు పట్టుకోవడం అప్పుడే మొదలుపెట్టాడు. మెక్సికో చిత్రకారిణి ఫ్రీడా కాలో అయితే డాక్టర్ అవ్వాలనుకున్న అమ్మాయి. 1925లో, పద్దెనిమిదేళ్ల వయసులో బస్సు ప్రమాదం. వెన్నెముక, కటి ఎముక, కాలు విరిగిపోయాయి. పడుకునే బొమ్మలు వేసుకోవడానికి వీలుగా వాళ్లమ్మ మంచానికి బిగించే ఈజిల్ చేయించింది. మంచం పైన అద్దం పెట్టించారు. కదల్లేని మనిషికి ఎదురుగా కనిపించే ముఖం తనదొక్కటే. తన బొమ్మ తనే అన్నిసార్లు వేసుకోవడం అక్కడ మొదలైంది.

తమ్ముడు: టోనీ అయోమీ కథలో ఇదే విషయం ఇంకా విచిత్రంగా జరుగుతుంది. 1965, బర్మింగ్‌హామ్. పదిహేడేళ్ల కుర్రాడు, రేకుల ఫ్యాక్టరీలో ఆ రోజే ఉద్యోగం మానేస్తున్నాడు. చివరి షిఫ్టులో మిషన్ అతని కుడిచేతి రెండు వేళ్ల కొసల్ని తీసేసింది. అతనిది ఎడమచేతివాటం, తీగలు నొక్కేది కుడిచేత్తోనే. ఇక గిటార్ లేదనుకుని ఇంట్లో కూర్చుంటే, ఫ్యాక్టరీ మేనేజర్ ఒక రికార్డు పట్టుకుని వచ్చి, వినమని బలవంతం చేశాడు. విన్నాక చెప్పాడు, ఇది వాయించినవాడికి పనిచేసేవి రెండే వేళ్లని.

అక్క: జాంగో!

తమ్ముడు: జాంగోనే. అయోమీ ఒక ప్లాస్టిక్ సీసాని కరిగించి, వేళ్ల కొసలకి సరిపోయే తొడుగులు తనే చేసుకున్నాడు. అవి జారిపోకుండా పైన తోలుముక్క అంటించాడు. మామూలు తీగలు నొక్కితే నొప్పి. అందుకని బాంజో తీగలు, అంటే సన్నవి, తెచ్చి బిగించాడు. తర్వాత తర్వాత తీగల్ని వదులు చేసి శ్రుతి దించాడు. శ్రుతి దిగితే శబ్దం బరువెక్కుతుంది. బ్లాక్ సబ్బాత్ బృందం పాటల్లో వినిపించే ఆ బరువైన శబ్దం, హెవీ మెటల్ అని లోకం పిలిచేది, అందులో కొంత ఆ వేళ్ల నొప్పి నుంచి వచ్చిందే. నొప్పి తగ్గించుకోవడానికి చేసిన ఏర్పాటు ఒక కొత్త సంగీతానికి గుర్తైపోయింది.

అక్క: ఆ మేనేజర్ గురించి నేను చాలాసార్లు ఆలోచిస్తాను. ఆయన "ధైర్యంగా ఉండు బాబూ" అని వెళ్లిపోయి ఉండొచ్చు. రికార్డు పట్టుకొచ్చాడు.

తమ్ముడు: మరి లూయీ బ్రెయిలీ?

అక్క: బ్రెయిలీ గురించి చెప్పాలంటే నాకు గుండె బరువెక్కుతుంది. మూడేళ్ల పిల్లాడు, నాన్న తోలు పని చేసే చోట ఆరెతో, అంటే తోలుకి చిల్లులు పొడిచే సూదితో, ఆడుకుంటుంటే అది కంట్లో దిగింది. ఇన్ఫెక్షన్ రెండో కంటికీ పాకి, ఐదేళ్లకల్లా చూపు మొత్తం పోయింది. పదేళ్లకి పారిస్‌లో అంధ బాలల పాఠశాలలో చేరాడు. అక్కడికి షార్ల్ బార్బియే అనే ఆయన పన్నెండు చుక్కల లిపి తెచ్చాడు. చీకట్లో తడిమి చదువుకునే రాత. ఆలోచన మంచిదే, కానీ అక్షరం పొడుగు ఎక్కువ. వేలి కొస కింద ఒకేసారి పట్టదు, వేలు కిందకీ పైకీ జరపాలి. చూపున్న మనిషి కాగితం మీద చూసి ఆ తేడా కనిపెట్టలేడు. వేలితో చదివేవాడికే తెలుస్తుంది. 1824లో, పదిహేనేళ్లకే, బ్రెయిలీ దాన్ని ఆరు చుక్కలకి కుదించాడు. ఆరు చుక్కలు, అరవై మూడు అమరికలు. అక్షరం మొత్తం వేలి కొస కింద ఒక్క స్పర్శలో ఒదిగిపోతుంది. ఇవాళ తెలుగు కూడా ఆ ఆరు చుక్కల్లోనే చదువుతున్నారు. ఇంకోటి, కాగితం మీద ఆ చుక్కలు పొడిచే పరికరం చూశావా? ఆరె లాంటిదే.

తమ్ముడు: మెదడులో ఏం జరుగుతుందో కూడా కొంచెం చెప్పుకుందాం. అమెరికాలో అల్వారో పాస్కువల్ లియోన్ బృందం ఒక ప్రయోగం చేసింది, ఫలితాలు 2008లో వచ్చాయి. చూపు బాగా ఉన్నవాళ్లకి ఐదు రోజుల పాటు కళ్లకి గంతలు కట్టి బ్రెయిలీ నేర్పించారు. ఐదో రోజుకి, వేలితో తాకినప్పుడు మెదడులో చూపుకి సంబంధించిన భాగం స్పందించడం మొదలైంది. గంతలు విప్పిన ఒక్కరోజులో ఆ స్పందన మాయం. ఐదు రోజుల్లో కొత్త దారి పుట్టడం కష్టం కాబట్టి, ఆ దారి ముందే లోపల ఉండి ఉంటుందని, చూపు పనిచేస్తున్నంతసేపు అది మూగగా ఉంటుందని వాళ్ల అభిప్రాయం.

అక్క: "దాగున్న ప్రతిభ" అనే మాటకి నాకు తెలిసి ఇంతకంటే దగ్గరి వివరణ లేదు. అయితే ఇక్కడే జాగ్రత్త పడాలి. మనం మాట్లాడుకున్నవాళ్లంతా గెలిచినవాళ్లు, పేర్లు మిగిలినవాళ్లు. వేళ్లు పోయి, దాంతోపాటే సంగీతమూ పోయినవాళ్ల పేర్లు మనకి తెలియవు కదా. అందుకే హవాయి దీవుల్లోని కవాయిలో ఎమీ వెర్నర్ చేసిన పని అంటే నాకు గౌరవం. 1955లో ఆ దీవిలో పుట్టిన 698 మంది పిల్లల్ని నలభై ఏళ్ల వయసు వచ్చేదాకా గమనిస్తూ వచ్చారు. అందులో పేదరికం, ఇంట్లో గొడవలు, తల్లిదండ్రుల తాగుడు, మానసిక జబ్బులు, ఇలా ఒకటికి నాలుగు కష్టాల మధ్య పెరిగిన పిల్లల్ని విడిగా చూస్తే, సుమారు మూడింట ఒక వంతు మంది చక్కగా ఎదిగారు.

తమ్ముడు: మిగతా రెండు వంతులు?

అక్క: చాలామంది చదువులోనో ప్రవర్తనలోనో ఇబ్బంది పడ్డారు. వాళ్లలో కొందరు పెద్దయ్యాక నిలదొక్కుకున్నారు, అది వేరే విషయం. కానీ కష్టమే మనిషిని తయారుచేసేదైతే మూడు వంతులూ ఎదగాలి కదా? ఎదిగిన పిల్లల జీవితాల్లో వెర్నర్‌కి మళ్లీ మళ్లీ కనిపించింది ఒకటుంది. తల్లో తండ్రో కాకపోయినా, అమ్మమ్మో, టీచరో, పక్కింటివాళ్లో, పిల్లాణ్ని నమ్మి వెన్నంటి ఉన్న పెద్ద మనిషి కనీసం ఒక్కరు ఉన్నారు. పిల్లలు గట్టిపడతారని కావాలని కష్టపెట్టే పెద్దవాళ్లని చూస్తే నాకు ఇది గట్టిగా చెప్పాలనిపిస్తుంది. కష్టం ఎలాగూ వస్తుంది, దానికి మన సాయం అక్కర్లేదు.

తమ్ముడు: ఇప్పుడు నీ కథకి రా అక్కా.

అక్క: మూడో వారం అనుకుంటా. పలక మీద రాసి రాసి విసుగొచ్చి, రాయడం కూడా మానేశాను. నువ్వు గదిలోకి వచ్చి హెడ్‌ఫోన్స్, లాప్‌టాప్ మంచం మీద పెట్టి, "మాట్లాడలేవు సరే, వినగలవు కదా" అన్నావు.

తమ్ముడు: నాన్న పాత ఫోన్‌లో నాయనమ్మ మాటలు రికార్డు చేసి ఉన్నాయి. వెనక ఫ్యాన్ చప్పుడు. అది తీసెయ్యమని ఇచ్చానంతే. నిన్ను ఏదో చేసెయ్యాలని అనుకోలేదు. నువ్వలా గోడవైపు తిరిగి పడుకుని ఉంటే చూడలేకపోయాను.

అక్క: మొదట ఫ్యాన్ చప్పుడంతా ఒకేసారి తీసేశాను. నాయనమ్మ గొంతు బకెట్‌లోంచి వస్తున్నట్టు అయిపోయింది. మళ్లీ మొదటికొచ్చి, కొంచెం కొంచెంగా తగ్గించాను. రెండు రోజులు అదే పని. అప్పుడు కనిపించడం మొదలైంది. స్క్రీన్ మీద ప్రతి మాటకి ముందు ఒక చిన్న గుట్టలాగా ఊపిరి కనిపిస్తుంది. మామూలు మాట ముందు ఆ గుట్ట చిన్నది. చెప్పడానికి ఇష్టంలేని మాట ముందు పొడుగ్గా సాగుతుంది. పదకొండేళ్లు క్లాసులో మాట్లాడుతూనే ఉన్నాను, ఎదుటివాళ్ల ఊపిరి ఎప్పుడూ వినలేదు. ఇవాళ ఎవరైనా మాట్లాడుతుంటే, ఎక్కడ తడబడతారో ఒక క్షణం ముందే నాకు తెలుస్తుంది. ఈ పాడ్‌కాస్ట్ ఎడిటింగంతా దాని మీదే నడుస్తోంది.

తమ్ముడు: గొంతు పోకపోయి ఉంటే?

అక్క: ఇది తెలిసేది కాదు. అయినా గొంతు పోవడం మంచికే అని నేనెప్పుడూ అనను. పిల్లల ముందు నిలబడి పద్యం చదవడం నాకు ప్రాణం. అది పోయింది. ఇది వచ్చింది. దానికి ఇది బదులు కాదు, రెండూ నా దగ్గరే ఉన్నాయి. మీ ఇంట్లో ఎవరైనా ఇప్పుడు అలా గోడవైపు తిరిగి పడుకుని ఉంటే, ప్రతిభ గురించి ఏమీ మాట్లాడకండి. వాళ్లు చెయ్యగలిగిన చిన్న పని ఏదైనా మంచం పక్కన పెట్టి, కాసేపు అక్కడే కూర్చోండి.

తమ్ముడు: ఆ రికార్డింగ్‌లో ఒక చోట ఖాళీ ఉంటే కట్ చెయ్యమన్నాను, గుర్తుందా?

అక్క: చిన్నప్పుడే పోయిన బాబాయి పేరు చెప్పే ముందు నాయనమ్మ ఆగుతుంది. మూడు సెకన్లు. అక్కడ ఫ్యాన్ చప్పుడు కూడా పూర్తిగా తీసెయ్యలేదు, అలాగే వదిలేశాను. వినిపించనా?

తమ్ముడు: వినిపించు.

(రికార్డింగ్ మొదలవుతుంది. ఫ్యాన్ చప్పుడు, ఒక పెద్దావిడ గొంతు, పొడవైన ఊపిరి, నిశ్శబ్దం.)