డాలు చెప్పేది ఒకటి, కవచం చెప్పేది మరొకటి

అందరికీ నమస్కారం.

ఇంగ్లండ్‌లోని పాత చర్చిల్లో సమాధుల మీద రాతి యోధులు వెల్లకిలా పడుకుని కనిపిస్తారు. ఎడమచేతికి డాలు, నడుముకు కత్తి, కాళ్ల దగ్గర సింహమో కుక్కో. చాలామందికి పేరు చెక్కి లేదు. శాసనం లేని వీరగల్లుల్ని చూసినవాళ్లు మనలో ఉన్నారు కాబట్టి ఈ చిక్కు ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు. అలాంటప్పుడు పనికొచ్చేవి రెండు: డాలు మీది వంశచిహ్నం, ఒంటి మీది కవచం. ఈ రెంటినీ కలిపి చదవాలి తప్ప, ఒక్కదాన్నే నమ్మి పేరు పెట్టేయకూడదని నా గట్టి నమ్మకం.

ముందుగా సాల్స్‌బరీ కెథడ్రల్‌కు వెళ్దాం. అక్కడున్నది 1226లో చనిపోయిన విలియం లాంగెస్పే సమాధి. రెండో హెన్రీ రాజుకు పెళ్లి బయట పుట్టిన కొడుకు ఈయన. దగ్గరికెళ్లి చూస్తే, పొడవాటి డాలు మీద ఆరు సింహాలు వెనక కాళ్ల మీద లేచి నిలబడి ఉంటాయి. పైన మూడు, మధ్యలో రెండు, కింద ఒకటి. రంగులు చాలావరకు పోయినా సింహాలు మిగిలాయి, ఎందుకంటే వాటిని ఉబ్బెత్తుగా చెక్కారు. రంగుతో గీసి వదిలేసి ఉంటే ఈపాటికి డాలు బోడిగా మిగిలేది.

ఇవే బంగారు సింహాలు నీలి డాలు మీద ఫ్రాన్స్‌లోని లె మాన్ నగరంలో ఉన్న ఎనామెల్ (గాజు రంగుల పూత) ఫలకంలో కనిపిస్తాయి. ఆ ఫలకం 1151లో చనిపోయిన ఆంజూ ప్రభువు జెఫ్రీది. ఆయన లాంగెస్పేకు స్వయానా తాత. 1128లో జెఫ్రీకి నైట్ అనే యోధ బిరుదు ఇచ్చినప్పుడు మామగారు మొదటి హెన్రీ రాజు సింహాల డాలు ఇచ్చాడని తర్వాతి తరం చరిత్రకారుడొకరు రాశాడు. తాత గుర్తు మనవడి డాలుకెక్కింది. వంశచిహ్నం తరం నుంచి తరానికి దిగడానికి ఇంత తొలినాటి ఆధారాలు అరుదు.

అయితే ఆ సింహాలు లాంగెస్పే కొడుకువి కూడా. అతని పేరూ విలియమే, 1250లో ఈజిప్టులోని మన్సూరా యుద్ధంలో చనిపోయాడు. చిహ్నం ఇంటిని చూపిస్తుంది గానీ, ఆ ఇంట్లో ఎవరో చెప్పదు. అక్కడ కవచాన్ని అడగాలి. సాల్స్‌బరీ శిల్పానికి తల నుంచి కాలివేళ్ల దాకా ఇనుప వలయాల అల్లికే. అది నోటినీ గడ్డాన్నీ కూడా కప్పేసింది, కళ్లూ ముక్కూ మాత్రమే బయటికి కనిపిస్తాయి. పైన పొడవాటి అంగీ. మోకాళ్లకు రేకు తొడుగులు లేవు. అంటే 13వ శతాబ్దపు తొలి భాగం. తండ్రికి సరిగ్గా సరిపోతుంది.

లండన్‌లోని టెంపుల్ చర్చిలో కథ ఇంత సాఫీగా సాగదు. అక్కడి ఒక శిల్పాన్ని 1144లో చనిపోయిన జెఫ్రీ డి మాండెవిల్ అనే ఇంగ్లండ్ ప్రభువుగా చాలాకాలంగా చెబుతున్నారు. డాలు నడిమి నుంచి ఊచలు నలువైపులా పరుచుకున్న గుర్తే దానికి ఆధారం. కానీ తల మీద చూడండి: పైన చదునుగా ఉన్న డబ్బాలాంటి శిరస్త్రాణం. మాండెవిల్ బతికిన రోజుల్లో యోధులు పెట్టుకున్నది మొనదేలిన టోపీ, ముక్కుకు అడ్డంగా ఇనుప పట్టీ. శిల్పం పోకడ 13వ శతాబ్దానిది. మనవళ్ల కాలంలో పూర్వీకుడి కోసం చెక్కించి ఉండొచ్చు, అసలు ఆయనే కాకపోవచ్చు. నన్నడిగితే పేరు పక్కన ప్రశ్నార్థకం ఉంచడమే న్యాయం.

కాలు మీద కాలు వేసుకుని ఉంటే క్రూసేడ్‌కు, అంటే నాటి క్రైస్తవుల మతయుద్ధానికి, వెళ్లొచ్చినవాడన్న మాట కూడా మీరు వినే ఉంటారు. దానికి ఆధారం లేదు. క్రూసేడ్‌కు వెళ్లనివాళ్ల శిల్పాలూ అలాగే ఉన్నాయి. అది ఆనాటి శిల్పుల తీరు.

లండన్ వెళ్లేవాళ్లకు ఒక్క సూచన. 1941 మే 10 రాత్రి బాంబుదాడిలో టెంపుల్ చర్చి తగలబడి శిల్పాలు బాగా దెబ్బతిన్నాయి. యుద్ధానికి ముందే తీసిన ప్లాస్టర్ అచ్చులు విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. ముందు వాటిని చూసి, తర్వాత చర్చికి వెళ్లండి. రాతిలో పోయిన వివరాలు అచ్చుల్లో దొరుకుతాయి.