కుండ పక్కన టమాట

కాలనీ పెద్దలకు, అక్కలకు, అన్నలకు నమస్కారం.

ఇక్కడ కూర్చున్న పెద్దక్కల్లో చాలామంది నెత్తిన బిందె మోసినవాళ్ళే. ఫ్లోరైడు నీళ్ళు తాగి కాళ్ళు వంకర్లు పోయినవాళ్ళను మన పల్లెల్లో మనందరం చూశాం. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగొద్దన్నారు, కానీ అప్పుడు వేరే నీళ్ళు ఎక్కడివి? ఇవాళ శుద్ధిచేసిన కృష్ణ నీళ్ళు నల్లాలో వస్తున్నాయి. ఆ నీళ్ళకే పైపు తగిలించి లాన్ మీద వదిలేస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ఒక్కసారి లెక్క కట్టండి. ఎండాకాలంలో గడ్డి పచ్చగా ఉండాలంటే చదరపు మీటరుకు రోజూ 5 లీటర్లయినా కావాలి. 50 గజాల లాన్ అంటే సుమారు 42 చదరపు మీటర్లు, అంటే 210 లీటర్లు. మిషన్ భగీరథలో పల్లె మనిషికి రోజుకు పెట్టుకున్న లెక్క 100 లీటర్లు. ఇద్దరి నీళ్ళు గడ్డికే పోతున్నాయి! మన నల్లగొండ ఎండకు లాన్ వద్దనే నేనంటాను. పిల్లలు ఆడుకోవడానికి రెండు మంచాలు పట్టేంత జాగా ఉంచి, మిగతా చోట దానిమ్మ, మునగ, గన్నేరు, కాగితం పూలు పెట్టండి. వేళ్ళు దిగినంక అవి ఎండను ఓర్చుకుంటాయి.

ఇక నీళ్ళు పోసే తీరు. మిట్టమధ్యాహ్నం పోయకండి, పొద్దున్నే గానీ పొద్దుగూకినంక గానీ పోయండి. పెద్ద చెట్టుకు మొదట్లో కాదు, కొమ్మల నీడ అంచున పాదు తీయాలి, నీళ్ళు తాగే సన్నవేళ్ళు ఎక్కువ అక్కడే ఉంటాయి. చెల్క మట్టిలో నీళ్ళు తొందరగా కిందికి జారతాయి, కాబట్టి కొంచెం కొంచెం పోయాలి. రేగడైతే ఒక్కసారి బాగా తడిపి నాలుగు రోజులు ఆగొచ్చు. మా నాయన గుంటుక తోలితే ఒక తడి పెట్టినట్టేననేవాడు. పైమట్టి కదిపితే కింది తేమ తొందరగా ఆరదు. పాదులో పల్లిపొట్టు, ఎండాకులు రెండంగుళాల మందాన పరిస్తే ఇంకా మేలు.

బియ్యం, పప్పు, కూరగాయలు కడిగిన నీళ్ళు మొక్కలకు, స్నానాల నీళ్ళు అరటికి. బట్టల పౌడరు నీళ్ళు మాత్రం వద్దు. ఫిల్టరు మిషన్ వదిలే నీళ్ళు కూడా రోజూ మొక్కలకు పోయకండి, అందులో ఉప్పులు ఎక్కువై మట్టి చెడుతుంది. వాటితో గచ్చు తుడుచుకోండి.

వాన సంగతి: ఒక సెంటీమీటరు వాన పడితే 100 గజాల స్లాబు మీద 800 లీటర్లకు పైనే పడుతుంది. దాన్ని రోడ్డు మీదికి వదలొద్దు. స్లాబు పైపును ఇంకుడు గుంతలోకి తిప్పండి, మొదటి వాన మురికి మాత్రం బయటికి పోనివ్వండి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైంది కుండ. రంగు వేయని కొత్త మట్టికుండను మెడదాకా పాతి, నీళ్ళు నింపి, దోమలు చేరకుండా మూకుడు మూయండి. చుట్టూ టమాట, వంగ పెట్టండి. మట్టి ఎండినకొద్దీ కుండ చెమర్చి వేళ్ళకు తడి అందిస్తుంది. పాత కుండ పెట్టకండి, దాని సన్నరంధ్రాలు పూడిపోయి ఉంటాయి.

గేటు పక్కన ఒక కుండ పాతాం, మూడు రోజుల కింద నింపాం. పోయేటప్పుడు మూకుడు తీసి ఎన్ని నీళ్ళున్నాయో చూడండి, పక్కన మట్టి కూడా వేలితో గుచ్చి చూడండి.