రేసిజం గురించి, మన స్టాఫ్ రూమ్ నుంచే మొదలెడదాం

అందరికీ నమస్కారం. రేసిజం గురించి స్టూడెంట్స్‌కి చెప్పమంటే మనం బాగానే చెప్తాం, పోస్టర్లు అంటిస్తాం, డిస్కషన్లు పెడతాం, కానీ ఇవాళ నేను మాట్లాడేది పెద్దవాళ్లకి చదువు చెప్పే మన గురించే.

ముందు నా సంగతి చెప్తా. ఓసారి వేరే దేశం నుంచి వచ్చి మన దగ్గర చదువుకోడానికి కొత్తగా చేరినావిడతో ఐదు నిమిషాలు మాట్లాడి, యాస విని, కింది లెవెల్‌లో వేసేశాను. రెండు వారాల తర్వాత రాతపని ఇస్తే క్లాసులో అందరికన్నా బాగా రాసింది, వాళ్ల దేశంలో అకౌంటెంట్‌గా చేసిందట. ముందే చెప్పలేదేంటి అనుకున్నా, తీరా చూస్తే అసలు నేను అడిగితే కదా! అదే యూరప్ నుంచి వచ్చినతని యాస అయితే "భలే ఉందే" అనేదాన్నేమో, అనే ఉంటాను కూడా.

ఇది ఇప్పటి జబ్బేం కాదు. 1950ల్లో అమెరికాలో, సౌత్ కరోలినాలో ఓటరుగా పేరు రాయించుకోవాలంటే రాష్ట్ర రాజ్యాంగంలో ముక్క చదివి చూపించమనేవాళ్లు, నల్లజాతివాళ్లని ఆపడానికి అదో అడ్డం. అక్కడ జాన్స్ ఐలాండ్‌లో పెద్దవాళ్లకి చదువు చెప్పాలని పూనుకున్నవాళ్లలో సెప్టిమా క్లార్క్ ఒకరు, నలభై ఏళ్లు టీచర్‌గా చేసినావిడ, నల్లజాతివాళ్ల హక్కుల కోసం పోరాడే ఎన్‌ఏఏసీపీ అనే సంఘంలో సభ్యత్వం వదలనన్నందుకు 1956లో ఉద్యోగం పోయింది. మరి 1957 జనవరిలో మొదలైన ఆ క్లాసుకి టీచర్‌గా ఎవర్ని పెట్టారనుకున్నారు? బెర్నిస్ రాబిన్సన్ అనే బ్యూటీషియన్‌ని! నాకు రాదు మొర్రో అన్నా వదల్లేదు. ట్రైనింగ్ అయిన టీచర్లయితే ద్వీపంవాళ్లని చిన్నచూపు చూస్తారేమోనని ఆ క్లాసు పెట్టినవాళ్ల భయం. ఒక టీచరే టీచర్లని నమ్మలేకపోయారన్నమాట, నన్నడిగితే మన వృత్తికి ఇంతకన్నా చెంపపెట్టు లేదు.

కిరాణా కొట్టు వెనక గదిలో 14 మంది. రాబిన్సన్ పిల్లల పుస్తకాలు తెచ్చినా పక్కన పెట్టేసి, మీకేం కావాలి అని అడిగింది. సంతకం పెట్టడం, మనీ ఆర్డర్ ఫారం నింపడం, బైబిల్ చదవడం అన్నారు, పాఠాలు వాటితోనే నడిచాయి.

మనమేమో ఇప్పటికీ ఉద్యోగ ప్రకటనలో "నేటివ్ స్పీకర్ కావాలి" అని రాస్తాం, ఇంటర్వ్యూలో "మనవాళ్లతో కలిసిపోతాడా" అని చూస్తాం, ఎవరితో కలవాలో మాత్రం చెప్పం. గంటల లెక్కన జీతం తీసుకునేవాళ్లెవరు, పర్మనెంట్ ఎవరు, ఒకసారి స్టాఫ్ రూమ్‌లో చుట్టూ చూడండి. ఒక్కరోజు వర్క్‌షాప్ పెట్టి సర్టిఫికెట్లు పంచితే ఇది పోదు (నా దగ్గర అలాంటివి మూడున్నాయి). ఇప్పుడు నేను కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కర్నీ ఒకే ప్రశ్నలు అడుగుతున్నా, రాత చూడకుండా లెవెల్ వెయ్యట్లేదు, ఇంటర్వ్యూల్లో ఇద్దరం విడివిడిగా మార్కులేసి తర్వాతే మాట్లాడుకుంటున్నాం. చిన్న పనులే, కానీ మొదటిసారి మా ఇద్దరి మార్కులు పక్కపక్కన పెట్టినప్పుడు కాసేపు ఎవరికీ మాట రాలేదు.

పోయిన టర్మ్ రిజిస్టర్లు తెచ్చారుగా, తియ్యండి. మధ్యలో మానేసినవాళ్ల పేర్ల పక్కన కారణం కాలమ్‌లో మనం ఏం రాశామో చదువుదాం, నాది ముందు చదువుతా: "ఆసక్తి లేదు", "ఆసక్తి లేదు", "ఫోన్ చెయ్యలేదు"...