తూటా ఎంత లావుండాలి?

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు ఇందాకే రెండుసార్లు చదివారు, నేను మళ్ళీ చదవను.

పెద్ద జంతువుల వేటకు ఏ తూటా మంచిదో చెప్పమన్నారు. ఇక్కడ వేట నేరం, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. కాబట్టి నేను చెప్పేవి పాత ముచ్చట్లు, లేదంటే పరాయి దేశం సంగతులు.

ఆఫ్రికాలో దున్నను కొట్టాలంటే ముందు వినబడే పేరు 375 మాగ్నం, అంటే గుండు లావు అంగుళంలో వెయ్యింట 375 వంతులు. ఆ తూటా 1912 నాటిది. గుండు బరువు 300 గ్రెయిన్లు, అంటే 19 గ్రాముల పైమాట. మన దేశంలో మాత్రం జంతువును చూసి కాదు, సర్కారును చూసి తూటా ఎంచుకోవాల్సి వచ్చేది. తిరగబడేవాళ్ళ చేతికి తూటాలు చిక్కుతాయని తెల్లదొరలు 450 బోరును నిషేధిస్తే, ఇంగ్లండు తుపాకీ కంపెనీలు 465, 470 పుట్టించాయి. 303 పటాలానికే, జనానికి 315తో సరి.

వెనక వరుసలో బాబూ, ఫోన్‌లో ఆ తూటా వేగాల పట్టిక కాసేపు పక్కన పెట్టు. ఆఫ్రికాలో ఏనుగుల వేటగాడు కారమోజో బెల్ సన్నటి 7 మిల్లీమీటర్ల గుండుతో వందల ఏనుగుల్ని పడగొట్టాడు. ముక్కు మెత్తగా ఉండే గుండు కాదది, ఎముకను తొలుచుకుపోయే గట్టి గుండు. పైగా మెదడు ఎక్కడుందో ఆయనకు తెలుసు. అదే గుండు పులికి వాడితే ఇటు నుంచి అటు దూసుకుపోతుంది, పులి గాయంతో పొదలో దూరుతుంది.

గాయం అన్నాను కదా, ఇక పట్టిక వదిలేస్తాను.

మాది భాకరాపేట వైపు. 1968లో, నాకు తొమ్మిదేళ్ళు. వేరుశనగ చేలో పడ్డ అడవిపందిని మా నాన్న 12 బోరుతో కొట్టాడు. రవ్వల తూటా, అంటే ఒక్క గుండు కాదు, బోలెడు చిన్న రవ్వలు. దూరం ఎక్కువ. పంది కూలబడింది, లేచింది, పోయింది. ఆకుల మీద నాలుగు రక్తపు చుక్కలు. నాన్న రాత్రంతా లాంతరు పట్టుకుని వెతికాడు. మూడో రోజు వంకలో కంపు కొడితే వెళ్ళాం. పొట్ట నిండా పురుగులు, నోట్లో మట్టి. నీళ్ళ కోసం వంకను తవ్వినట్టుంది. నాన్న మాట్లాడలేదు. తుపాకీ అటక మీద పెట్టేశాడు. ఊళ్ళోవాళ్ళు అడిగితే, "మందు తడిసిందిరా" అని అబద్ధం చెప్పేవాడు.

టైమైందని చీటీ వచ్చింది. అయినా ఒక్క నిమిషం. ఇదిగో, ఆ రోజు నేను చేలో ఏరుకున్న తూటా తొడుగు. ఎర్ర అట్ట, కింద ఇత్తడి. ఆ మూడు రోజులూ దీంట్లోకి ఊది ఈల వేసుకుంటూ తిరిగాను. ఖాళీదే, భయపడకండి. చూసి పక్కవాళ్ళకు అందించండి. జాగ్రత్త, మళ్ళీ నాకు ఇచ్చేయాలి.