ఎర్ర మూత, నారింజ మూత

శ్రోతలకు నమస్కారం.

"పొద్దునే చెప్పాను కదా నా పేరు, మళ్లీ ఎందుకు?" ఆసుపత్రి వార్డుల్లో రోజూ వినపడే విసుగు ఇది. మందు ఇచ్చే ప్రతిసారీ సిస్టర్ పేరు అడుగుతారు. అదీ "మీరు లక్ష్మిగారేనా?" అని కాదు, "మీ పేరేంటమ్మా?" అని. నిద్రమత్తులో ఉన్నవాళ్లు ఏ పేరు పెట్టి పిలిచినా "ఆఁ" అనేస్తారు. మన వార్డుల్లో ఇద్దరు లక్ష్ములు ఉండటం వింతేమీ కాదు. అందుకే పేరు మీ నోటినుంచే రావాలి, అది చేతి పట్టీతోనూ కేస్ షీటుతోనూ సరిపోవాలి.

సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం (అంటే నోటితోనా, సూదితోనా అని), సరైన సమయం. నర్సింగ్ చదివినవాళ్లెవరైనా ఈ ఐదూ గడగడా అప్పజెబుతారు. ఇందులో మోతాదు ఎంత తేలిగ్గా తప్పుతుందో ఇన్సులిన్‌ని చూస్తే తెలుస్తుంది.

మన దగ్గర సీసాల్లో వచ్చే ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్ల బలం ఉన్నది. ఇన్సులిన్ పెన్నుల్లో, అంటే పెన్ను ఆకారంలో ఉండే ఇంజెక్షన్ పరికరాల్లో, మామూలుగా వచ్చేది 100 యూనిట్లది. 100 బలంలో సీసాలు కూడా ఉన్నాయి. సిరంజిలూ రెండు రకాలే: 40కి ఎర్ర మూత, 100కి నారింజ మూత. రాత్రిపూట మసక వెలుతురులో ఈ రెండు రంగులూ ఒక్కలాగే ఉంటాయి. తేడా తెలియడానికి ఇంతకంటే అయోమయం పెట్టే రంగులు దొరకవేమో అనిపిస్తుంది నాకు. అందుకని జాగ్రత్తగల నర్సు రంగుతో సరిపెట్టుకోరు, సిరంజి మీద అంకె, సీసా మీద అంకె రెండూ చదువుతారు.

డాక్టర్ 20 యూనిట్లు రాశారనుకోండి. 100 బలం మందును ఎర్ర మూత సిరంజిలో 20 గీత దాకా తీస్తే లోపలికి వెళ్లేది 50 యూనిట్లు. అదే 40 బలం మందును నారింజ మూత సిరంజిలో 20 గీత దాకా తీస్తే వెళ్లేది 8 యూనిట్లే. మొదటి పొరపాటుకు షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది, రెండోదానికి తగ్గాల్సినంత తగ్గదు. అందుకే చాలాచోట్ల ఇన్సులిన్ ఇచ్చే ముందు ఇంకో నర్సు కూడా విడిగా లెక్క చూస్తారు. కాగితం మీద యూనిట్లు అన్న మాట పూర్తిగా రాయాలనే నియమమూ ఉంది. పొట్టిగా ఇంగ్లిష్ 'యు' అక్షరం పెడితే అది సున్నాలా కనబడి 10 కాస్తా 100 అయిపోతుంది.

"భోజనం వచ్చిందా?" అని అడగడం కూడా మర్యాదకు కాదు. రెగ్యులర్ ఇన్సులిన్ సుమారు అరగంటలో పని మొదలుపెట్టి, రెండు మూడు గంటలకు బలంగా పనిచేస్తుంది. సూది పడ్డాక క్యారియర్ రావడం ఆలస్యమైతే చెమటలు, వణుకు, గుండె దడ, ఆ తర్వాత మాట తడబడటం. స్పృహలో ఉండి మింగగలిగితే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇవ్వాలి, పావుగంటకు షుగర్ మళ్లీ చూడాలి. స్పృహ లేనివాళ్ల నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు.

ఇక్కడ మందుల శాస్త్రం తెలిసిన నర్సు ఇంకోటి గమనిస్తారు. బీపీకో గుండెకో ప్రొప్రనలాల్ లాంటి మాత్ర వేసుకునేవాళ్లలో వణుకు, దడ బయటపడకపోవచ్చు. చెమట మాత్రం పడుతుంది. అందుకే "ఇంట్లో ఇంకేం మాత్రలు వేసుకుంటారు?" అని అడిగితే "ఏవో బీపీవి" అనకండి, చీటీయో మాత్రల అట్టో చూపించండి.

ఇంటికి వెళ్లాక నర్సు పని మీ మీదో, మీ కోడలి మీదో పడుతుంది. పాలలా తెల్లగా ఉండే ఇన్సులిన్ అయితే రెండు అరచేతుల మధ్య మెల్లగా దొర్లించాలి, గట్టిగా ఊపకూడదు. డీప్ ఫ్రీజర్లో పెట్టకూడదు, గడ్డకట్టి కరిగింది పారేయాల్సిందే. పెన్ను సూదులు అయిపోయాయని పెన్నులోని మందును మామూలు సిరంజితో లాగొద్దు, ఇందాకటి 50 యూనిట్ల లెక్క ఇలాగే ఇళ్లలోకి వస్తుంది. మెడికల్ షాపులో "ఇన్సులిన్ సిరంజి ఇవ్వండి" అని ఊరుకోకుండా మీ సీసా చూపించి, 40దా 100దా అని చెప్పి తీసుకోండి. డిశ్చార్జి రోజున సిస్టర్ ఎదుటే ఒకసారి మీ చేత్తో మందు తీసి చూపించి మరీ బయలుదేరండి.

నమస్కారం.