మెడ నిమిరితే మెదడు కడుక్కుంటుందా?

నిద్ర మీద చేసిన వీడియో కింద చాలామంది ఒకే ప్రశ్న వేశారు, మెడ మీద పైనుంచి కిందికి మెల్లగా నిమిరితే మెదడులో పేరుకున్న చెత్తంతా దిగిపోతుందట కదా, మతిమరుపు కూడా రాదట కదా అని. రీల్స్‌లో తెగ తిరుగుతోంది లెండి. మతిమరుపు రాదనడానికి ఆధారం లేదు. కానీ మెదడులోని నీరు మెడలోకి దిగుతుందన్న మాట మాత్రం నిజం, అందుకే ఇది కొంచెం వివరంగా చెప్పాలి.

మెదడు చుట్టూ, వెన్నుపాము చుట్టూ నీళ్లలా తేటగా ఒక ద్రవం ఉంటుంది, సీఎస్‌ఎఫ్ అంటారు. నడుములో సూది గుచ్చి 'వెన్నులో నీరు తీశారు' అంటామే, అదే ఆ నీరు. మెదడులోని చెత్త కొంత దీంతోపాటే బయటికి పోతుంది. పెద్దవాళ్లలో ఎప్పుడు చూసినా ఉండేది సుమారు 150 మిల్లీలీటర్లు, కానీ రోజుకి దాదాపు 500 మిల్లీలీటర్లు కొత్తగా ఊరుతూనే ఉంటుంది. పుర్రె చూస్తే సాగేది కాదు. మరి ఊరిందంతా ఎటో పోవాలి కదా?

మెదడు పైపొరలో చిన్న చిన్న బుడిపెలు ఉంటాయి, వాటి గుండా నేరుగా పెద్ద సిరలోకి, అంటే రక్తంలోకి పోతుంది అని పాఠ్యపుస్తకాలు చాలాకాలం చెప్పాయి. 1875లో స్వీడన్‌లో కీ, రెట్జియస్ అనే ఇద్దరు శవాల్లోకి రంగు ఎక్కించి చూసిన దగ్గర్నుంచి ఈ లెక్కే నిలబడిపోయింది. తమాషా ఏంటంటే అంతకు ఆరేళ్ల ముందే, 1869లో, ష్వాల్బే అనే జర్మన్ శాస్త్రవేత్త కుక్కల్లో నీలిరంగు ఎక్కించి, ఇది లింఫ్ నాళాల్లోకి పోతోందయ్యా అన్నాడు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

ఒంట్లో కణాల మధ్య మిగిలిన నీటిని తిరిగి రక్తంలోకి చేర్చే నాళాలే లింఫ్ నాళాలు, కొత్తేం కాదు మనకి. కాలికి పుండు పడితే గజ్జల్లో బిళ్ల కడుతుంది చూడండి, ఆ బిళ్ల లింఫ్ గ్రంథే. బోదకాలులో పురుగులు పాడుచేసేది కూడా ఈ నాళాలనే, అవి దెబ్బతింటే నీరు వెనక్కి లాగే దారి లేక కాలు వాచిపోతుంది.

ఇప్పుడు ముక్కు దగ్గరికి వద్దాం. ముక్కు పైకప్పులో జల్లెడలా చిల్లులున్న పల్చటి ఎముక ఒకటి ఉంది, వాసన తెలిపే నరాలు ఆ చిల్లుల్లోంచే కిందికి దిగుతాయి. ఆ నరాల పక్కనుంచే సీఎస్‌ఎఫ్ కూడా దిగి, ముక్కు లోపలి పొరలోని లింఫ్ నాళాల్లో కలిసి, మెడలోని గ్రంథులకి చేరి, చివరికి కాలర్ బోన్ దగ్గర సిరలో పడుతుంది. అంటే తిరిగి తిరిగి చేరేది రక్తంలోకే, కాకపోతే మధ్యలో రోగనిరోధక కణాలు దాన్ని ఓసారి తడిమి చూస్తాయి. (జలుబు చేస్తే ముక్కులోంచి కారేది ఇది కాదు, కంగారుపడకండి. అయితే తలకి దెబ్బ తగిలాక ఒక ముక్కులోంచే నీళ్లలా కారుతుంటే మాత్రం ఎముక చిట్లి ఉండొచ్చు, ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లండి.)

2015లో వచ్చిందండీ అసలు మలుపు. అమెరికాలో వర్జీనియా యూనివర్సిటీలో కిప్నిస్ ల్యాబ్‌లో లూవో అనే కుర్రాడు ఎలుక మెదడు పొరని పుర్రె నుంచి ఒలిచేయకుండా, పుర్రె చిప్పకి అంటుకుని ఉండగానే రసాయనంతో బిగించి, ఆ తర్వాతే జాగ్రత్తగా తీసి మైక్రోస్కోప్ కింద పెట్టాడు. ముందే లాగేస్తే చిరిగిపోయే పొర అది. ఇప్పుడు చెక్కు చెదరకుండా కనిపించింది, పెద్ద సిర పక్కనే రోగనిరోధక కణాలు వరుసగా, గొట్టంలో నడుస్తున్నట్టు! పరీక్షిస్తే అవి లింఫ్ నాళాలు. అదే ఏడాది ఫిన్లాండ్‌లో అలిటాలో బృందానికీ అవే దొరికాయి. 2017లో ఎమ్మారై స్కాన్‌తో మనుషుల్లోనూ చూశారు. ఆ తర్వాత నార్వేలో రోగుల నడుములో, స్కాన్‌లో కనిపించే మందు ఎక్కించి స్కాన్ తీస్తూ పోతే, దాదాపు ఒక రోజు తర్వాత మెడ గ్రంథుల్లో అది బాగా కనిపించింది. కాబట్టి దారి ఉంది, సందేహం లేదు. ఏ దారిన ఎంత శాతం పోతుందన్న దగ్గరే మనుషుల విషయంలో ఇంకా వాదనలు, ఎందుకంటే ముక్కు దారి ఎలుకల్లో ఉన్నంత జోరుగా మనలో కనబడటం లేదు.

మరి ఈ మసాజ్ గోల ఎక్కడిది? 2025లో కొరియాలో కో గూ-యంగ్ బృందం ముఖం, మెడ చర్మం కింద ఉన్న లింఫ్ నాళాల గుండా కూడా సీఎస్‌ఎఫ్ పోతుందని ఎలుకల్లో, కోతుల్లో చూపించింది. ఎంత ఒత్తిడి పడుతోందో కొలిచే చిన్న పరికరంతో ఎలుకల చర్మాన్ని చాలా మృదువుగా నిమిరితే ఆ ప్రవాహం దాదాపు రెట్టింపైంది, ముసలి ఎలుకల్లోనూ బాగుపడింది. మంచి పనే, నాకు నచ్చింది కూడా. కానీ వాళ్లు కొలిచింది ప్రవాహాన్ని. మనుషుల జ్ఞాపకశక్తిని కాదు. రీల్స్ వాళ్లు ఈ రెంటి మధ్య ఉన్న దూరాన్ని పదిహేను సెకన్లలో దాటేశారు.

ఇంకో అడుగు ముందుకేసినవాళ్లూ ఉన్నారు. చైనాలో కొన్ని ఆస్పత్రులు మెడలోని లింఫ్ నాళాన్ని సిరకి కలిపి కుట్టేసి, ఇది అల్జీమర్స్‌కి, అంటే మతిమరుపు జబ్బుకి, వైద్యం అంటూ ఆపరేషన్లు మొదలుపెట్టాయి. సరైన ఆధారాలు లేవని 2025 జులైలో అక్కడి ఆరోగ్య శాఖే దాన్ని నిషేధించింది. రేపు మన దగ్గర ఎవరైనా అదే ఆపరేషన్ పేరు చెప్పి ఇంట్లో పెద్దవాళ్లని తీసుకురమ్మంటే, ముందు ఆ నిషేధం గురించి అడగండి, ఏమంటారో చూద్దాం.