మాంతోన్ వెళ్తే బీచ్ దగ్గరే ఆగిపోకండి, కొండెక్కండి

అందరికీ నమస్కారం. మీరు చూస్తున్న ఈ ఊరు ఫ్రాన్స్‌లో మధ్యధరా సముద్రం ఒడ్డున ఉన్న మాంతోన్. నీస్‌లో రైలెక్కితే ముప్పావు గంటలోపే వచ్చేస్తుంది. ఇది దాటితే ఇటలీ. చాలామంది ఈ రంగురంగుల మేడల ముందు ఫోటోలు దిగి, సాయంత్రం రైలుకి వెళ్లిపోతారు. మనం మాత్రం పైకి వెళ్దాం.

ముందు ఆ కొండలు చూడండి. ఊరి వెనక గోడ కట్టినట్టు లేవూ? ఉత్తరపు చలిగాలిని ఆపేది అవే. అందుకే ఇక్కడ నిమ్మతోటలు అంత బాగా పెరిగాయి. అప్పట్లో ఈ ఊరు మొనాకో పాలనలో ఉండేది. పన్నుల భారం భరించలేక జనం 1848లో తిరగబడి విడిపోయారు. చివరికి 1861లో మాంతోన్, పక్క ఊరు రోక్‌బ్రూన్ రెండూ 40 లక్షల ఫ్రాంకులకు ఫ్రాన్స్ చేతికి వచ్చాయి.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1859లో, జేమ్స్ హెన్రీ బెన్నెట్ అనే ఇంగ్లీష్ డాక్టర్ ఇక్కడికి వచ్చాడు. ఆయనకు క్షయ. ఏ మూలనో ప్రశాంతంగా చనిపోదామని వచ్చినవాడు కోలుకున్నాడు! తర్వాత ప్రతి చలికాలం ఇక్కడే వైద్యం చేశాడు, ఈ వాతావరణం గురించి పుస్తకం రాశాడు. అది చదివి యూరప్ నలుమూలల నుంచి రోగులు బయల్దేరారు. వాళ్ల కోసమే పెద్ద పెద్ద హోటళ్లు లేచాయి. అప్పుడు సీజన్ అంటే ఎండాకాలం కాదు, చలికాలం.

ఇవి సెయింట్ మిషెల్ చర్చికి వెళ్లే మెట్లు. మెల్లగా ఎక్కండి. చర్చి దాటి ఇంకా పైకి వెళ్తే, ఒకప్పుడు పాత కోట ఉన్న చోట సమాధుల తోట ఉంది. నా దృష్టిలో మాంతోన్ అంటే ఇదే.

రాళ్ల మీద పేర్లు చదవండి. ఇంగ్లీష్, రష్యన్, జర్మన్... పుట్టిన ఏడాది, పోయిన ఏడాది లెక్కేస్తే మనసు కలుక్కుమంటుంది. చిత్రకారుడు ఆబ్రీ బియర్డ్స్‌లీ 1898లో క్షయతో ఈ ఊళ్లోనే పోయాడు. ఇరవై ఐదేళ్లు! రగ్బీ ఆటను మొదలుపెట్టాడని చెప్పుకునే విలియమ్ వెబ్ ఎల్లిస్ సమాధి ఈ తోటలోనే ఉంది. ఆ కథకు గట్టి ఆధారం లేదు, అయినా అభిమానులు వెతుక్కుంటూ వస్తారు.

బెన్నెట్ వచ్చేనాటికి క్షయకు కారణమే తెలియదు. ఆ క్రిమిని జర్మన్ శాస్త్రవేత్త కోఖ్ కనిపెట్టింది 1882లో, దానికి మందు స్ట్రెప్టోమైసిన్ వచ్చింది 1940ల్లో. అంతదాకా మంచి గాలి, ఎండ, తిండి, విశ్రాంతి, ఇవే వైద్యం. మన మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానటోరియం పుట్టిందీ అదే నమ్మకంతో. అక్కడ చికిత్స చేయించుకున్న తాతల గురించి మీ ఇంట్లో ఎవరైనా చెప్పుంటే కామెంట్లో రాయండి, నాకు నిజంగా వినాలని ఉంది.

ఫిబ్రవరిలో ఇక్కడ నిమ్మపండుగ జరుగుతుంది. టన్నులకొద్దీ నిమ్మ, నారింజ పళ్లతో పెద్ద పెద్ద బొమ్మలు కడతారు. చూడాల్సిందే, కానీ రద్దీ బాగా ఉంటుంది, గదులు ముందే బుక్ చేసుకోండి. ప్రశాంతంగా తిరగాలంటే ఆ రోజులు వద్దు.

దిగేటప్పుడు సముద్రం దగ్గరి మార్కెట్లో మాంతోన్ నిమ్మకాయ ఒకటి కొనండి. తొక్క మంచి వాసన వేస్తుంది, పులుపు తక్కువ. పల్చగా కోసి, తొక్కతోనే నోట్లో వేసుకోండి.